గోడల్లో గడియారం ఉన్న ఇల్లు: ఈ సినిమాను పిల్లలతో కలిసి ఎలా చూడాలి

పిల్లలతో కలిసి చూడదగిన భయం సినిమాలు మనకు అంత సులభంగా దొరకవు. పసిపిల్లల కోసం తీసినవి పదేళ్ళ వయసువారికి విసుగు పుట్టిస్తాయి, పెద్దల కోసం తీసినవి పెద్దలకే నిద్ర పట్టనివ్వవు. 2018 సెప్టెంబరులో విడుదలైన ‘ది హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్’ అనే హాలీవుడ్ చిత్రం ఈ నడిమి వయసుకు చక్కగా సరిపోయే సినిమా. తల్లిదండ్రులను కారు ప్రమాదంలో పోగొట్టుకున్న లూయిస్ బార్నవెల్ట్ అనే పదేళ్ళ కుర్రవాడు 1955లో మిషిగన్ రాష్ట్రంలోని న్యూ జెబెడీ అనే చిన్న ఊరికి, తనకు పెద్దగా పరిచయం లేని అంకుల్ జొనాథన్ ఇంటికి చేరుకుంటాడు. ఆ అంకుల్ మంత్రగాడు, పక్కింట్లో ఉండే ఫ్లోరెన్స్ జిమ్మర్‌మన్ మంత్రగత్తె, వారుండే ఇల్లు ఒకప్పుడు ఐజాక్ ఇజార్డ్ అనే దుష్ట మాంత్రికుడిది. ఇజార్డ్ చనిపోయే ముందు ఆ ఇంటి గోడల్లో ఎక్కడో ఒక గడియారాన్ని దాచిపెట్టాడు. అది రాత్రింబవళ్ళు టిక్కు టిక్కుమంటూ ఏదో ఒక ముహూర్తానికి లెక్క కడుతూనే ఉంటుంది.

ఈ సినిమాను పిల్లలకు చూపించాలనుకునే పెద్దలు ముందుగా కదిలే బొమ్మల గురించీ, స్మశానం సన్నివేశం గురించీ ఆందోళన పడతారు. అది సహజమే కానీ, ఆ భయాలు సన్నివేశంతో పాటే చాలావరకు తీరిపోతాయి. సినిమా ముగిసిన తరువాత కూడా పిల్లల మనసులో మెదిలేది మరొకటి ఉంది: అమ్మా నాన్నా లేకపోతే నన్నెవరు చూసుకుంటారు, చూసుకునే ఆ మనిషికి పిల్లలను పెంచడం చేతకాకపోతే నా గతి ఏమిటి? ఈ ప్రశ్నకు ముందే సిద్ధపడి కూర్చున్న పెద్దలకు ఈ సినిమా ఎంతో ఉపకరిస్తుంది. అందుకే ఇక్కడ భయపెట్టే ఘట్టాలను గురించి చెబుతూనే, ఆ ప్రశ్నను గురించి ఎక్కువగా చెప్పదలచుకున్నాను. కథలోని కొన్ని రహస్యాలను బయటపెట్టక తప్పదు కనుక, ఇది పెద్దలు చదవవలసిన వ్యాసమే తప్ప పిల్లలకు చదివి వినిపించవలసినది కాదు.

వయసు మాట

అమెరికాలో ఈ చిత్రానికి ఇచ్చిన వర్గీకరణ పీజీ, అంటే పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడవచ్చునని అర్థం. నా అంచనాలో ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలు పెద్దల పక్కన కూర్చుని దీనిని హాయిగా చూడగలరు. ఆరేడేళ్ళ వయసువారి విషయంలో వయసు కన్నా స్వభావాన్ని చూడాలి. రాత్రిపూట బాత్రూముకు ఒంటరిగా వెళ్ళడానికి జంకే బిడ్డకు ఒక ఏడాది ఆగి చూపించడమే మేలు. అంతకన్నా చిన్నవారికి వద్దు. ఇంట్లో అన్నకు పదేళ్ళు, చెల్లికి నాలుగేళ్ళు ఉంటే చెల్లి నిద్రపోయే వేళో, అమ్మమ్మగారింటికి వెళ్ళిన రోజో చూసుకోవాలి. ‘అది మధ్యలో లేచి వెళ్ళిపోతుందిలే’ అనుకుంటాం కానీ, ఆ వయసు పిల్లలు భయపడినా కదలకుండా చూస్తూనే ఉంటారు.

దర్శకుడు ఈలై రాత్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు పేరు తెచ్చినవి రక్తపాతంతో నిండిన, పెద్దలకు మాత్రమే పరిమితమైన భయానక చిత్రాలు. పిల్లలూ పెద్దలూ కలిసి చూసేలా ఆయన తీసిన మొదటి సినిమా ఇదే. ఆయన పేరు చూసి ఈ చిత్రానికి బెదరవలసిన పని లేదు. అయితే పిల్లలకు ఇది నచ్చిన తరువాత అదే దర్శకుడి మరో సినిమా కావాలని వెతికే వీలు మాత్రం ఇవ్వకూడదు. ఒక సినిమా ముగియగానే తనంతట తానే మరొకటి మొదలుపెట్టే యాప్‌లలో చూస్తున్నట్లయితే ఆ సదుపాయాన్ని ముందే ఆపివేయాలి.

పిల్లలకు చూపించే ముందు పెద్దలలో ఒకరైనా ఈ చిత్రాన్ని ఒంటరిగా, పూర్తిగా చూసి ఉండాలి. నిడివి గంటా నలభై అయిదు నిమిషాలే. ఎవరో చెప్పిన మాటలూ, ట్రైలరూ దీనికి సరిపోవు. ట్రైలరులో అల్లరీ నవ్వులూ ఎక్కువగా కనిపిస్తాయి, దుఃఖం దాదాపుగా కనిపించదు.

చూడబోయే ముందు చెప్పవలసినవి

సమయం విషయంలో ఒక నియమం పెట్టుకోవాలి. సినిమా ముగియడానికీ, పిల్లలు పడుకోవడానికీ మధ్య కనీసం రెండు మూడు గంటలు ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే సాయంత్రం ఆటలకు వెళ్ళే వేళకు పూర్తవుతుంది. ఆ ఆటల్లోనే సగం భయం కరిగిపోతుంది. గదిని పూర్తిగా చీకటి చేయకుండా ఒక దీపం వెలగనివ్వాలి. భయస్థుడైన బిడ్డను సోఫా చివర కాకుండా మధ్యలో, ఇరువైపులా మనుషులు ఉండేలా కూర్చోబెట్టాలి. రిమోట్ పెద్దల చేతిలోనే ఉండాలి.

మొదలుపెట్టే ముందు కథా నేపథ్యాన్ని నాలుగు మాటల్లో చెప్పడం అవసరం. లూయిస్‌కు అమ్మా నాన్నా లేరన్న సంగతిని సినిమా దానంతట అది బయటపెట్టే దాకా ఆగకుండా మీరే మెల్లగా చెప్పండి. ఆ మాట మీ నోట విన్న బిడ్డ దానికి సిద్ధపడి ఉంటుంది. అలాగే హాలోవీన్ గురించి కొంత తెలిసి ఉండాలి. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలకు అక్టోబరు 31 రాత్రి సంబరం కొత్త కాదు, కానీ ఇక్కడి పిల్లల్లో చాలామందికి అది వేషాల పండుగగా మాత్రమే తెలుసు. జొనాథన్ ఇంటి ముందు ముఖాల ఆకారంలో చెక్కిన గుమ్మడికాయలు బారులు తీరి ఉంటాయి. చెడు మంత్రాలు లోపలికి రాకుండా అవి కాపలా కాస్తాయని ఆయన నమ్మకం. మన గుమ్మాలకు దిష్టి తగలకుండా కట్టే బూడిద గుమ్మడికాయను చూపించి ‘ఇది మనకు చేసే పనినే అవి వాళ్ళకు చేస్తాయి’ అని చెబితే, ఆ ఇంటి తీరు పిల్లలకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

భాష కూడా ఒక అడ్డంకే. పాత్రలు వేగంగా మాట్లాడతాయి, పైగా లూయిస్ నిఘంటువును ప్రేమించే పిల్లవాడు కనుక పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు వాడుతుంటాడు. ఇంగ్లీషులో చూస్తుంటే సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. అక్షరాలు చదవడంలో నిమగ్నమైన కళ్ళు దృశ్యం నుంచి తరచూ పక్కకు తప్పుకుంటాయి కనుక భయం కొంత తగ్గడం దీనివల్ల కలిగే మరో లాభం.

జొనాథన్, ఫ్లోరెన్స్ ఒకరినొకరు నిరంతరం దెప్పుకుంటూ ఉంటారు. జాక్ బ్లాక్, కేట్ బ్లాంచెట్ ఆ మాటల పోటీని ఎంతో ప్రేమగా పోషించారు. అయినా రూపాన్ని వెక్కిరించే మాటలు అందులో ఉన్నాయి, పిల్లలు వాటిని మరుసటి రోజే బడిలో వాడగలరు. వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళుగా స్నేహితులనీ, ఒకరి కోసం ఒకరు ప్రాణం ఇస్తారనీ, అందుకే ఆ మాటలు వాళ్ళ మధ్య చెల్లుతాయనీ ముందే ఒక మాట అనుకుంటే చాలు.

భయపెట్టే ఘట్టాలు

మొదటిది రాత్రిపూట ఇల్లు. నిద్ర పట్టని లూయిస్ మెల్లగా గదిలోంచి బయటకు వస్తాడు. ఇంటి నిండా గోడ గడియారాలూ నిలువు గడియారాలూ. వాటి చప్పుళ్ళ వెనక మరొక చప్పుడు. జొనాథన్ చీకట్లో గోడలకు చెవి ఆనించి వింటూ తిరుగుతుంటాడు, ఆయన చేతిలో గొడ్డలి ఉంటుంది. తనను చూసుకోవలసిన మనిషే గొడ్డలితో తిరగడం పిల్లలకు నిజంగా భయం కలిగించే సంగతి. ఇక్కడ సినిమాను ఆపకండి. కాసేపట్లోనే జొనాథన్ తాను మంత్రగాడినన్న నిజం చెప్పి, ఆ గడియారాన్ని వెతుకుతున్నానని వివరిస్తాడు. బిడ్డ చెయ్యి పట్టుకుని ‘ఎందుకు తిరుగుతున్నాడో ఇప్పుడే చెబుతాడు చూడు’ అంటే సరిపోతుంది.

ఆ తరువాత చాలాసేపు సినిమా వినోదంగా సాగుతుంది. పెంపుడు కుక్కలా వెంట తిరిగే కుర్చీ, తనంతట తాను బొమ్మలు మార్చుకునే రంగుటద్దాల కిటికీ, పెరట్లో ఆకులతో మలిచిన సింహం చేసే అసహ్యమైన అల్లరి పిల్లలను పగలబడి నవ్విస్తాయి. జొనాథన్ పెరట్లోనే నక్షత్రాలనూ గ్రహాలనూ రప్పించి చూపించే సన్నివేశం నాకు ఈ మొత్తం చిత్రంలో అత్యంత ప్రియమైనది. అక్కడ ఎవరినీ మాట్లాడనివ్వకుండా చూడండి.

స్మశానం ఘట్టం దాదాపు సినిమా నడుమ వస్తుంది. బడిలో స్నేహితుడైన టార్బీ, ఎన్నికల్లో గెలిచాక లూయిస్‌ను దూరం పెడతాడు. పోయిన స్నేహాన్ని తిరిగి తెచ్చుకోవాలని లూయిస్, ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క నిషేధాన్ని అతిక్రమించి, తాళం వేసిన బీరువాలోని పుస్తకం తీసి, చనిపోయినవారిని లేపే మంత్రం చదువుతాడు. లేచేది ఐజాక్ ఇజార్డే. కైల్ మెక్లాక్లన్ పోషించిన ఈ పాత్ర ముఖం కుళ్ళిన శవంలా ఉంటుంది. భేతాళ కథలు విన్న తెలుగు పిల్లలకు శవం మాట్లాడడం వింత కాదు, అయితే వినడం వేరు, తెర మీద చూడడం వేరు. ఇక్కడ శబ్దం బాగా తగ్గించండి. భయానక దృశ్యంలో సగం బలం సంగీతానిదే. శబ్దం తగ్గగానే పిల్లల భుజాలు సడలడం మీరే గమనిస్తారు.

ఇజార్డ్ గతాన్ని చెప్పే ఘట్టంలో, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జర్మనీ అడవిలో అతనికి ఒక పిశాచం ఎదురవుతుంది. చిన్నదే అయినా ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు అన్నిటికన్నా బరువైన దృశ్యం ఇదే అనిపిస్తుంది. అవసరమనుకుంటే దీనిని దాటించవచ్చు. యుద్ధంలో చూసిన ఘోరాల వల్ల ఇజార్డ్‌కు మనుషుల మీదే విరక్తి కలిగిందనీ, మనుషులే లేని కాలానికి లోకాన్ని వెనక్కి తిప్పాలనుకున్నాడనీ నోటితో చెబితే కథ తెగదు.

యంత్రపు బొమ్మల గది గురించి ముందే చెప్పాలి. పెద్ద పెద్ద కళ్ళతో, కదలని పెదవులతో గదినిండా కూర్చున్న పాత బొమ్మలు ఒకటొకటిగా తల తిప్పి, లేచి, మీదికి వస్తాయి. ఇంట్లో బొమ్మలతో పడుకునే పిల్లలకు ఈ ఘట్టం రాత్రికి గుర్తొస్తుంది. ముందే ‘ఒక గదిలో బొమ్మలు లేస్తాయి, వీళ్ళు ముగ్గురూ తప్పించుకుంటారు’ అని చెప్పేయండి. ఫలితం తెలిసిన భయాన్ని పిల్లలు ఆస్వాదిస్తారు, ఉత్కంఠ పోతుందేమోనని మనం సందేహించనక్కరలేదు. గుమ్మడికాయలు తిరగబడి గుజ్జు కక్కే ఘట్టానికి మాత్రం ఎక్కువమంది పిల్లలు నవ్వుతారు. చివర్లో జొనాథన్ శరీరం పసిబిడ్డలా మారి తల మాత్రం పెద్దవాడిదే ఉండిపోయే దృశ్యానికి కొందరు నవ్వుతారు, కొందరు ముఖం తిప్పుకుంటారు.

సినిమాను ఆపవలసి వస్తే భయపెట్టే బొమ్మ తెర మీద ఉండగా ఎప్పుడూ ఆపకూడదు. ఆగిన బొమ్మ అలాగే మనసులో అచ్చు పడుతుంది. ఆ సన్నివేశం ముగిసి, వెలుతురున్న గదో మనుషుల ముఖాలో కనిపించాక ఆపి, మంచినీళ్ళు తాగించి, చూస్తావా వద్దా అని అడగండి. వద్దంటే మళ్ళీ అడగకండి. దిండు వెనక దాక్కునే బిడ్డను దాక్కోనివ్వండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంత పిరికివాడివేమిట్రా అనే మాట ఆ రోజు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. తరువాత అన్నం తిననని మొరాయించినప్పుడు ఇజార్డ్ వస్తాడని బెదిరించడమూ కూడదు. బూచాడి పేరు చెప్పి అన్నం పెట్టడం మన ఇళ్ళలో పాత అలవాటే కానీ, చూసి వచ్చిన ముఖంతో బెదిరిస్తే ఆ భయం ఎన్నాళ్ళైనా పోదు.

కలలో వచ్చే అమ్మ

ఇక అసలు జాగ్రత్త అవసరమైన చోటికి వద్దాం. లూయిస్‌కు చనిపోయిన తల్లి కలల్లో కనిపించి మాట్లాడుతుంది, ధైర్యం చెబుతుంది, ఏమి చేయాలో సూచిస్తుంది. పిల్లలు ఆ సన్నివేశాల కోసం ఎదురుచూస్తారు, ఎందుకంటే ఆ వింత ఇంట్లో లూయిస్‌కు అంత ఆప్యాయంగా కనిపించే ముఖం మరొకటి లేదు. కానీ అలా వచ్చేది తల్లి కాదనీ, ఇజార్డ్ భార్య సెలీనా ఆ రూపం ధరించి పిల్లవాడిని ఆ బీరువా దగ్గరకు నడిపించిందనీ తరువాత తెలుస్తుంది. దయ్యాలూ బొమ్మలూ చేయలేని గాయం ఈ ఒక్క మలుపు చేయగలదు.

ఇటీవల తల్లినో తండ్రినో, పెంచిన తాతనో అమ్మమ్మనో పోగొట్టుకున్న బిడ్డకు ఈ సినిమాను ఇప్పుడే చూపించవద్దు. పోయినవారు కలలోకి వచ్చారని చెప్పుకుని ఊరట పొందే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ ఊరట మీద అనుమానపు నీడ పడనివ్వకూడదు. మిగతా పిల్లలకైనా ఈ నిజం బయటపడగానే, వీలైతే ఆ సన్నివేశం దాటాక కాస్త ఆపి, ‘మోసం చేసింది సెలీనా, లూయిస్ వాళ్ళ అమ్మ కాదు, వాళ్ళ అమ్మ ప్రేమ నిజమైనదే’ అని స్పష్టంగా చెప్పాలి. మా ఇంట్లో చూస్తున్నప్పుడు ఒక పిల్ల వెంటనే అడిగింది: ‘మరి వాళ్ళ అమ్మ నిజంగా ఎప్పుడూ రాలేదా?’ జవాబు తడుముకోకూడదు. రాలేదు, కానీ ఆమె నేర్పినవన్నీ వాడిలో ఉన్నాయి అని చెప్పాను. ఆ పిల్ల తల ఊపి మళ్ళీ తెర వైపు తిరిగింది.

ఫ్లోరెన్స్ పాత్ర కూడా ఇలాంటిదే. ఎప్పుడూ ఊదారంగు దుస్తుల్లో హుందాగా కనిపించే ఆమె ఒకప్పుడు గొప్ప మంత్రగత్తె; యుద్ధకాలంలో భర్తనూ కూతురినీ పోగొట్టుకున్నాక ఆమె మంత్రం సరిగా పనిచేయడం మానేసింది. దీనిని చిత్రం ఎక్కువ మాటలు లేకుండా చూపిస్తుంది కనుక చిన్న పిల్లలు గమనించకుండా దాటిపోవచ్చు. ‘ఆవిడ మంత్రం ఎందుకు పోయిందంటావు?’ అని సినిమా అయ్యాక అడిగి చూడండి. దుఃఖంలో ఉన్న మనిషికి వచ్చిన పని కూడా చేతకాకుండా పోతుందన్న సంగతిని పిల్లలు తమ మాటల్లో చెప్పడం వింటే, మనం ఉపన్యాసం ఇవ్వవలసిన అవసరం కనబడదు.

అంకుల్ జొనాథన్‌ను పెద్దలు చూడవలసిన తీరు

పిల్లలకు జొనాథన్ వెంటనే నచ్చుతాడు. జపాను కిమోనో వేసుకుని తిరుగుతాడు, అర్ధరాత్రి సాక్సాఫోన్ వాయిస్తాడు, పడుకునే వేళ అనేది ఆ ఇంట్లో లేదు, బిస్కెట్లు ఎప్పుడైనా తినవచ్చు. మా ఇంట్లో ఇలా ఎందుకు లేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నను నవ్వి తోసేయకుండా, నియమాలు లేని ఆ ఇంట్లో లూయిస్ రాత్రుళ్ళు ఎలా పడుకున్నాడో గుర్తు చేయండి. అతడికి ఇంట్లో దొరకనిది స్వేచ్ఛ కాదు, తనను గట్టిగా పట్టుకుని ఉండే మనిషి.

జొనాథన్ చెడ్డవాడు కాడు, అజాగ్రత్తపరుడు కూడా కాడు. పిల్లలను పెంచడం ఎన్నడూ నేర్చుకోని మంచివాడు. బీరువా తెరవవద్దన్నాడు కానీ ఎందుకు తెరవకూడదో వివరంగా చెప్పలేదు. జరిగిన తప్పు తెలిసినప్పుడు, లూయిస్‌ను తాను పెంచలేనేమోనని చేతులెత్తేసే స్థితికి వస్తాడు. అప్పుడు ఫ్లోరెన్స్ అతడిని మందలిస్తుంది: పెంచేవారికి తప్పులు తప్పవనీ, ఎప్పుడూ భయపడుతూనే ఉంటారనీ, అయినా ఆ పనిని వదలకూడదనీ ఆమె మాటల సారాంశం. బంధువుల బిడ్డను పెంచుతున్నవారూ, ఉద్యోగరీత్యా బిడ్డను అమ్మమ్మ తాతల దగ్గర ఉంచినవారూ, ఏదో ఒక రాత్రి ‘నావల్ల కావడం లేదు’ అనుకున్న ప్రతి తల్లీ తండ్రీ ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చూడాలి.

పిల్లల వైపు నుంచి ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: తప్పు చేశాక లూయిస్ వెంటనే ఎందుకు చెప్పలేకపోయాడు? ఇంట్లోంచి పంపేస్తారేమోనని భయపడ్డాడని పిల్లలే చెబుతారు. అలా చెప్పినప్పుడు, మా దగ్గర నువ్వు ఏ తప్పు చెప్పినా నిన్ను ఎక్కడికీ పంపమని అక్కడే, ఆ క్షణంలోనే అనండి.

ఆ రాత్రి, ఆ తరువాత

పడుకునే గదిలో టిక్కుమనే గోడ గడియారం ఉంటే ఆ రోజుకు దానిని తీసి హాల్లో పెట్టండి. ఈ సినిమా చప్పుడుతో భయపెట్టే సినిమా. మామూలు రోజుల్లో ఎవరి చెవినీ పడని ఆ టిక్కు టిక్కు ఆ రాత్రి నిశ్శబ్దంలో పిల్లలకు చాలా పెద్దగా వినిపిస్తుంది. పెద్ద కళ్ళ బొమ్మలు అల్మరాలో ఉంటే తలుపు మూసేయండి. గోడలో ఏముందని అడిగితే ఇటుకలూ సిమెంటూ కరెంటు తీగలూ ఉన్నాయని తట్టి చూపించండి. బొమ్మలు ఎలా కదిలాయని అడిగితే, కొన్నిటిని కళాకారులు తయారుచేశారనీ, కొన్నిటిని కంప్యూటర్‌లో గీశారనీ చెప్పండి. తయారీ తెలిసిన బొమ్మకు భయపెట్టే శక్తి తగ్గిపోతుంది.

పదేళ్ళు దాటి, ఇంగ్లీషు నవలలు చదవగలిగే పిల్లలకు దీని మూలమైన పుస్తకం ఇవ్వండి. జాన్ బెలేర్స్ రాసిన ఈ నవల అదే పేరుతో 1973లో, ఎడ్వర్డ్ గోరీ గీసిన నలుపు తెలుపు బొమ్మలతో వెలువడింది. బెలేర్స్ మిషిగన్‌లోని మార్షల్ అనే ఊళ్ళో పుట్టాడు. కథలోని న్యూ జెబెడీకి ఆ ఊరే నమూనా, మాయల ఇంటికి అక్కడి క్రోనిన్ హౌస్ అనే పాత భవనం ప్రేరణ. నవల 1948లో జరుగుతుంది, సినిమా 1955లో. నవలలో లూయిస్ బొద్దుగా, ఎక్కువ బెరుకుగా ఉంటాడు. అతడు స్మశానంలో లేపేది కూడా ఇజార్డ్‌ను కాదు, ఇజార్డ్ భార్యను. సినిమా చూసిన వెంటనే కాకుండా ఒకటి రెండు నెలల తరువాత ఇస్తే, పిల్లలు ఆ తేడాలను తామే పట్టుకుని వచ్చి చెబుతారు. పుస్తకంలో భయం సినిమాలో కన్నా నెమ్మదిగా, లోతుగా పనిచేస్తుంది కనుక మొదటి రెండు మూడు అధ్యాయాలను పగటిపూట మీరే పైకి చదివి వినిపించండి. నచ్చితే అదే కుటుంబం కథను కొనసాగించిన మరో రెండు నవలలను బెలేర్స్ 1975, 1976 సంవత్సరాల్లో ప్రచురించాడు, వాటిని అదే వరుసలో చదివించడం మంచిది.